రివర్సు గేరు లేని ఊరేగింపు

ఆ శనివారం ఉదయం ఆరున్నరకల్లా ఇంట్లోంచి బయలుదేరాలని వెర్లిన్ స్టకీ అనుకున్నాడు. నలభై రెండు మైళ్ళ దారి. ఎక్కడా ఆగకుండా పోతే ఎనిమిదింటికి ప్రాథర్ ఊరి పార్కులో ఉండొచ్చు. అక్కడ పాత కార్ల ప్రదర్శనలో తన బండిని ఓ చెట్టుకింద నిలబెట్టి, పక్కనే మడతకుర్చీ వేసుకుని కూర్చోవాలి. వచ్చేపోయేవాళ్ళు బండి చుట్టూ తిరిగి చూస్తుంటే, తనకేమీ పట్టనట్టు ఆకాశంలోకి చూడాలి. తొమ్మిదేళ్ళుగా అతను కన్న కల అంతే.

ఆ బండి కొన్నది కాదు. గట్టు కోతపడకుండా ఏ రైతో ఎప్పుడో వాగులో పడేసిన 1931 నాటి ఫోర్డు డొక్కును ట్రాక్టరుతో పైకి లాగాడు. తుప్పు గీకాడు. చిల్లులకు రేకులు అతికాడు. పైకప్పును మూడంగుళాలు కోసి కిందికి దించాడు. పాత లారీ ఇంజను ఒకటి తెచ్చి అందులో దూర్చాడు. స్టార్టు చేస్తే పక్క పొలంలో ఆవులు మేత మానేసి తలెత్తి చూస్తాయి. రంగు ఇంకా పడలేదు, బూడిదరంగు పూత మీదే ఉంది. అయినా దాన్ని, పాత కారును కోసి పెద్ద ఇంజను పెట్టి తయారుచేసే హాట్ రాడ్ కాదనే ధైర్యం కాన్సస్ రాష్ట్రంలో ఎవరికీ లేదు.

అంతా బాగానే ఉంది. ఒక్కటే లోపం. బండి వెనక్కి వెళ్ళదు.

బుధవారం దాకా వెళ్ళింది. బుధవారం సాయంత్రం గేరుపెట్టెలో ఏదో పటుక్కుమంది. ముందుకు పోయే గేర్లన్నీ వెన్నలో కత్తి దిగినట్టు పడుతున్నాయి. రివర్సు వేస్తే మాత్రం రేకు డబ్బాలో గులకరాళ్ళు ఆడించినట్టు చప్పుడొస్తుంది, చక్రం కదలదు. దాన్ని దింపి, విప్పి, బిగించాలంటే రెండు వారాలు. ఇప్పటికే రెండు వేసవులు "వచ్చే ఏడు తప్పకుండా" అని వాయిదా వేశాడు. రెండోసారి ఆ మాట విన్నప్పుడు అతని భార్య అర్లెటా చేతిలో గరిటె పక్కన పెట్టి, మూడోసారి కూడా అదే మాట వింటే డొక్కును పాత ఇనుము కింద అమ్మేసి ఆ షెడ్డులో తన ఫ్రీజరు పెట్టుకుంటానని నెమ్మదిగా చెప్పింది. అర్లెటా గట్టిగా అరిస్తే వెర్లిన్‌కు భయంలేదు. నెమ్మదిగా చెప్పిందంటేనే భయం.

అందుకని ఆవిడకు చెప్పలేదు. పైగా అతనికి ఒక ధైర్యం ఉంది. ముప్పై ఒక్క ఏళ్ళుగా స్కూలు బస్సు నడుపుతున్నాడు. పిల్లలున్న బస్సును వెనక్కి నడపరాదని ఉద్యోగంలో చేరిన రోజే నేర్పారు. ఏ సందు ఎక్కడ తేలుతుందో, ఏ ఆవరణలో చుట్టు తిరిగి బయటికి రావచ్చో ఆ చుట్టుపక్కల అతనికి తెలిసినంత మరొకరికి తెలియదు. ఎటొచ్చీ ముందుకేగా పోవాల్సింది అనుకున్నాడు. అర్లెటా పాటల సాధనకు చర్చికి వెళ్ళిన సాయంత్రం చూసి, గడ్డికోసే ట్రాక్టరుతో బండి ముక్కును వాకిలివైపు తిప్పి పెట్టుకున్నాడు.

పదిహేనో మైలు దగ్గర మొదటి గండం వచ్చింది.

"ఆ బంకు దగ్గర ఆపు వెర్లిన్. ఒకసారి లోపలికి వెళ్ళొస్తా. పొద్దున రెండు కప్పులు కాఫీ తాగాను" అంది పక్క సీట్లో కూర్చున్న అర్లెటా.

వెర్లిన్ బంకువైపు చూశాడు. ఒకవైపు దారికి అడ్డంగా పెద్ద క్యాంపు బండి నిలబడి ఉంది. మిగిలిన చోటంతా గోడకు ముక్కు ఆనించి నిలబెట్టేదే. ఆనిస్తే మళ్ళీ బయటపడేది లేదు.

"ఇప్పుడు ఇంజను ఆపితే మళ్ళీ అంటుకోదేమో" అన్నాడు.

అర్లెటా అతనివైపు తిరిగింది. "అంటుకోని బండిలోనా నన్ను ఇంత దూరం తీసుకొచ్చావు?"

"అంటుకుంటుంది. ఆపకపోతే."

ఆవిడ ఒడిలో ఉన్న దాల్చినచెక్క రొట్టెచుట్టల డబ్బాను రెండు చేతులతో గట్టిగా పట్టుకుని, కళ్ళు మూసుకుని కూర్చుంది. ఒక అబద్ధంతో ఊరు దాటొచ్చుగానీ, దానికి కాపలాగా మరో నాలుగు కావాలని వెర్లిన్‌కు అప్పుడే తెలిసింది. మరో ఏడు మైళ్ళు పోయాక ఆవిడ మలుపు తప్పావని, వెనక్కి తిప్పమని చెప్పింది. కొత్త టైర్లకు కంకరరోడ్డు కాస్త అలవాటు కావాలంటూ అతను నాలుగు పొలాలు చుట్టి వచ్చాడు. దారిపొడుగునా ఇలాంటి చుట్లే తిరిగి, ఎనిమిదింటికి చేరాల్సిన వాళ్ళు పది కావస్తుండగా చేరారు.

పార్కు ద్వారం దగ్గర లోవెల్ పాంక్రాట్జ్ నిలబడి ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా, తెల్ల మీసం, మెడలో విజిలు. పద్నాలుగేళ్ళుగా ఆ ప్రదర్శనలో ఉక్కు విభాగానికి ఆయనే ప్రధాన న్యాయనిర్ణేత. ఆ లోకంలో మనుషులు రెండు జాతులు. ఆ రోజుల్లో ఫ్యాక్టరీ నుంచి వచ్చిన అసలు ఉక్కు రేకు బండివాళ్ళు ఒకరు, కొత్తగా ఫైబరుతో పోతపోసిన తొడుగు తెప్పించుకున్నవాళ్ళు మరొకరు. రంగు పడ్డాక రెండూ ఒకేలా ఉంటాయి. అయస్కాంతం ఆనిస్తే తెలిసిపోతుంది. కాని అది రంగును గీస్తుందని లోవెల్ దాన్ని నిషేధించాడు. పెద్దమనిషి మాట చాలదా అనేవాడు. ఆయన ఎర్రటి ఓపెన్ కారు ద్వారం పక్కనే మెరుస్తూ ఉంది.

"వెనక్కి పెట్టండి" అన్నాడు లోవెల్, రెండు బండ్ల మధ్య ఖాళీని చూపిస్తూ. "అందరి ముఖాలూ ఇటే ఉండాలి. రివర్సులో రండి."

వెర్లిన్ చూశాడు. పార్కునిండా బండ్లు అలాగే, వెన్ను కంచెకు ఆనించి, ముక్కులు దారివైపు పెట్టి నిలబడి ఉన్నాయి.

"ఒక్క చుట్టు తిరిగి వస్తాను" అన్నాడు.

తిరిగి వచ్చాడు. ఖాళీ అక్కడే ఉంది. లోవెల్ కూడా అక్కడే ఉన్నాడు. ఈసారి ఎండ సూటిగా పడుతోందని చెప్పి సాగిపోయాడు. మూడోసారి ఏం చెప్పాలో తోచక చెయ్యి ఊపి ముందుకు పోయాడు. ఆ చోటు తన హోదాకు తక్కువని ఈ బూడిదరంగు బండివాడు అలిగాడని లోవెల్ అనుకున్నాడు. మొగుడు నీడ కోసం వెతుకుతున్నాడనుకున్న అర్లెటా, అటుగా మరుగుదొడ్లు కనిపించినప్పుడల్లా అక్కడ ఆపమంది. ఆ చుట్లలో ఆపడం కుదరదని అతను అన్నాడు. నాలుగోసారికి లోవెల్ విజిలు ఊది, దారికి అడ్డంగా వచ్చి నిలబడ్డాడు. వెర్లిన్ కంగారులో చక్రం కుడికి తిప్పాడు. కుడివైపున ఉన్నది ఊరి పెద్దవీధిలోకి పోయే ద్వారం.

లోవెల్‌ను అలా దాటిపోయినవాడు పద్నాలుగేళ్ళలో ఒక్కడూ లేడు. ఆయన పరుగున వెళ్ళి తన ఎర్రబండి ఎక్కి వెంబడించాడు.

అప్పుడు సరిగ్గా పది గంటలు. పదింటికి పెద్దవీధిలో బండ్ల ఊరేగింపు ఉందని అందరికీ ముందే చెప్పారు. డ్రైవర్లు సీట్లలో కూర్చుని సైగ కోసం చూస్తున్నారు. ముందు ఒక బండి, దాని వెనకే ప్రధాన న్యాయనిర్ణేత బయటికి పోవడం చూసి, ఊరేగింపు మొదలైందనుకుని ఒక్కొక్కరే ఇంజను లేపి వెంట నడిచారు.

వెర్లిన్ అద్దంలో చూశాడు. ఎర్రబండి లైట్లు వెలిగించి ఆర్పుతోంది. దాని వెనక నీలంది, పసుపుది, ఆకుపచ్చది, కంటికి ఆనినంత దూరం బండ్లే. తను చేసిన తప్పుకు ఊరు ఊరంతా తరుముకొస్తోందనుకున్నాడు. వీధి రెండు వైపులా జనం చప్పట్లు కొట్టారు. అర్లెటా చెయ్యి ఊపింది.

"ముందు మనల్నే పెట్టారు" అంది ఆశ్చర్యంగా. "నాతో ఒక్క మాటైనా అనలేదేం?"

వెర్లిన్ ముందున్న దారి చూశాడు. వీధి చివర రైలు పట్టాలు, ఆ అవతల దారి లేదు. ఎడమకు తిరిగితే రైతుల సహకార సంఘం ధాన్యం గాదెలు. బాస్కెట్‌బాల్ ఆటలకు బస్సు తెచ్చినప్పుడల్లా అక్కడే చుట్టు తిరిగేవాడు. లోపలికి ఒక దారి, తూకం వంతెన, దాని మీంచి దిగితే బయటికి ఇంకో దారి. దేవుడు తన కోసమే కట్టించాడనుకుని ఎడమకు తిప్పాడు.

అతను మరిచింది ఒక్కటే. ఆటలు చలికాలంలో జరుగుతాయి. ఇది జూన్, గోధుమ కోతల కాలం.

దారికి రెండు వైపులా ఇనుప గొట్టాల కంచె. ముందు గోధుమ లారీ. లోవెల్ వెనక నలభై పాత కార్లు. వాటి వెనక, కార్ల ఊరేగింపు ఇక్కడెందుకు దూరిందో అర్థంకాని మరో పదకొండు గోధుమ లారీలు. తూకం వంతెన ఎక్కేచోట చిన్న ఏటవాలు ఉంది. ముందు లారీ దాని మీద ఆగింది. దాని వెనకే ఆనించి పోయిన వెర్లిన్ బండి ముందు చక్రాలు కూడా వంతెన ఎక్కి కూర్చున్నాయి.

అద్దాల గదిలో తూకం చూసే జోలీన్ అనే ఆవిడ తెల్లవారుజాము నుంచి లారీలు తూస్తూనే ఉంది. తల ఎత్తకుండానే మైకులో అంది: "వెనక బండి, మీ చక్రాలు కాటా మీదున్నాయి. మూడడుగులు వెనక్కి తీయండి."

వెర్లిన్ కదలలేదు.

"వెనక్కి తీయండి బాబూ. ముందాయన గోధుమలతోపాటు కాటా మిమ్మల్నీ తూస్తోంది."

లారీలోంచి ఓ ఎండకు కాలిన రైతు తల బయటపెట్టి చూశాడు. వెనక హారన్లు మొదలయ్యాయి. ఎడమచేతి దగ్గర స్తంభానికి జవాబు చెప్పే మీట ఉంది. వెర్లిన్ దాన్ని నొక్కాడు. అది నొక్కితే మాట గదిలోకే పోతుందనుకున్నాడుగానీ, ఆవరణలోని నాలుగు మైకుల్లోనూ మోగుతుందని అతనికి తెలియదు.

"అమ్మా, దీనికి రివర్సు లేదు" అన్నాడు.

ఆ మాట గాదెల గోడలకు తగిలి రెండుసార్లు తిరిగొచ్చింది. హారన్లు ఆగిపోయాయి. వెర్లిన్ భార్యవైపు చూడకుండా ఉండాలని శతవిధాల ప్రయత్నించి, చివరికి చూశాడు.

"ఎప్పట్నుంచి?" అంది అర్లెటా, నెమ్మదిగా.

"బుధవారం నుంచి."

అప్పటికి లోవెల్ దిగి వచ్చాడు. వెనక్కి నడవని బండిని ప్రదర్శనకు తెచ్చే సాహసం తన జీవితంలో చూడలేదని, ఈ జన్మలో మళ్ళీ ఈ పార్కు గుమ్మం తొక్కనివ్వనని మొదలుపెట్టాడు. మధ్యలో రైతు లారీ దిగి వచ్చి, అవన్నీ తర్వాత మాట్లాడుకోమన్నాడు. తన పొలంలో ఇంకా ఎనభై ఎకరాల పంట కోయాల్సి ఉందన్నాడు. మరో ముగ్గురు రైతులు వచ్చారు. గేరు తీసేస్తే నలుగురం కలిసి వెనక్కి నెట్టేస్తామన్నారు. వెర్లిన్ గేరు తీసి, సిగ్గుతో తానూ దిగి, ముందుకు వచ్చి భుజం ఆనించాడు. దాంతో బ్రేకు మీద ఎవరి కాలూ లేకుండా పోయింది.

మొదటి అడుగు కష్టంగా కదిలింది. రెండో అడుగు దానంతట అదే కదిలింది. ఏటవాలు దిగడం మొదలుపెట్టాక అయిదుగురు మనుషులు లాగి పట్టుకున్నా ఆగలేదు. అర్లెటా డబ్బా పట్టుకుని నిటారుగా కూర్చునే ఉంది. తొమ్మిదేళ్ళు వెర్లిన్ అతికిన రేకులన్నీ కలిసి పోయి లోవెల్ ఎర్రబండి ముందు మడ్‌గార్డును గుద్దాయి.

ఉక్కు ఉక్కును గుద్దితే ఖణేల్‌మనాలి. అలా అనలేదు. కుండ పగిలినట్టు టప్పుమంది.

ఎర్రటి పెచ్చు ఒకటి ఊడి నేలమీద పడింది. మడ్‌గార్డు అంచున తెల్లటి పీచు వేలాడుతోంది. ఎండకు కాలిన రైతు వంగి, ఆ పీచును రెండు వేళ్ళతో పట్టి లాగి చూశాడు.

"మా తాతగారి బండి కూడా ఇదే ఏడాదిది. దాని ఇనుముకు పీచు ఉండేది కాదు" అన్నాడు.

ఆ ఒక్క భాగం మాత్రం ఈమధ్యే మార్పించానని లోవెల్ అన్నాడు. జోలీన్ అప్పటికే గది దిగి వచ్చింది. రసీదులు ఎగిరిపోకుండా బల్లకు అంటించే అయస్కాంతం ఆవిడ చేతిలో ఉంది. ఎవరూ అడగకుండానే దాన్ని ఎర్రబండి తలుపుకు ఆనించింది. కింద పడింది. తీసి ముందు మూతకు ఆనించింది. అక్కడా పడింది. లోవెల్ విజిలును నోట్లో పెట్టుకుని, ఊదకుండా, అలాగే నిలబడ్డాడు.

వెర్లిన్ ప్రాణం చచ్చిపోయింది. పెద్దమనిషి బండి పగలగొట్టాడు, ఊరందరి ముందు పరువు కూడా తీశాడు. మడ్‌గార్డు తనే బాగుచేయించి ఇస్తానని చేతులు నలుపుకున్నాడు. లోవెల్ అవేవీ వద్దన్నాడు. ఏమీ జరగలేదన్నాడు. ఎవరూ దగ్గరికి వచ్చి చూడకుండా ఉంటే చాలన్నాడు. గొంతు అప్పటికి చాలా చిన్నదైపోయింది.

జోలీన్ అయస్కాంతం పట్టుకుని ఊరికే కుతూహలం కొద్దీ వరుసలో తర్వాతి బండివైపు రెండడుగులు వేసింది. ఆ నీలంబండాయన, దీనికి కొత్తగా మైనం పూశానంటూ గబగబా రివర్సు గేరు వేశాడు. అతని వెనకాయన కూడా వేశాడు. అంతవరకూ ఎవరూ కదలలేని ఆ ఇరుకు దారిలో లారీలకు సైగలు చేసుకుంటూ, ఒకరి వెనక ఒకరు ఎంత నేర్పుగా వెనక్కి పోయారో! అయిదు నిమిషాల్లో దారి ఖాళీ. వెర్లిన్ మళ్ళీ బండి ఎక్కి, ముందుకే పోయి, కాటా దాటి, రెండో దారిన బయటపడ్డాడు.

పార్కు ద్వారం దగ్గర ఈసారి విజిలు లేదు. వెర్లిన్ ఇంజను ఆపి, దిగి, దీనికి రివర్సు లేదని అక్కడున్నవాళ్ళకు ఉన్నదున్నట్టు చెప్పాడు. పదిమంది వచ్చి చేతులతో తోసి ఖాళీలో పెట్టారు. నిమిషం కూడా పట్టలేదు.

అర్లెటా గబగబా మరుగుదొడ్డివైపు వెళ్ళి, తాపీగా తిరిగొచ్చింది. రొట్టెచుట్టల డబ్బా తెరిచి అతనికొకటి ఇచ్చింది.

"గేరు సంగతి దాచావు, పోనీలే. ఆ బంకు దగ్గర మాత్రం ఆపాల్సింది. అది నేను మరిచిపోను" అంది.

వెర్లిన్ మడతకుర్చీలో కూర్చున్నాడు గానీ ఆకాశంలోకి చూడబుద్ధి కాలేదు. వరుసవైపే చూస్తూ ఉండిపోయాడు. ఉక్కు విభాగంలో పొద్దున ఇరవై మూడు బండ్లు పేరు రాయించుకున్నాయి. మధ్యాహ్నం తీర్పు వేళకు తొమ్మిది మిగిలాయి.