నిమ్మకాయ, చెంచా, ఒక యూనివర్సిటీ

ఆ ఉదయం విజయరత్నం వేసుకున్న పథకం చాలా చిన్నది. భార్య సుసన్న స్నానానికి వెళ్ళగానే ఫ్రిజ్ మీదున్న ఆమె బహుమతి కప్పులు ఐదూ సంచిలో వేసుకోవాలి. ఆఫీసుకు వచ్చేవాళ్ళు చూసి వెళ్ళాక, సాయంత్రం మళ్ళీ ఫ్రిజ్ మీద పెట్టేయాలి. ఇందులో తేడా రావడానికి ఏముంది అనుకున్నాడు. అలా అనుకున్న ప్రతిసారీ తేడా వచ్చింది గానీ, ఆ సంగతి అతనికి ఎన్నడూ సమయానికి గుర్తు రాదు.

అతను పనిచేసే ప్రైవేటు యూనివర్సిటీని దోహాలో పెట్టి నాలుగేళ్ళయింది. విజయరత్నం ఆఫీసు బూట్లు దానికంటే పాతవి. అలాంటిదాన్ని పరిశీలించడానికి ఒక కమిటీ వస్తోంది. వాళ్ళు చరిత్ర అడుగుతారు, ఆటల సంప్రదాయాలు అడుగుతారు. రిజిస్ట్రార్ ఫసీయుద్దీన్‌కు ముందురోజే కంగారు పుట్టింది. ఆయనది హైదరాబాదు, తెలుగు గలగలా మాట్లాడతాడు, చదవడం మాత్రం రాదు.

"షోకేస్‌ల ఒక్క కప్పు లేదు విజయరత్నం. వాళ్ళకేం చూపిస్తం, మన మొఖాలా? నీ కాంట్రాక్టు ఈ నెల్లనే అయిపోతది కదా? కమిటీ ఖుషీ అయితే రెన్యువల్. లేకుంటే యల్లా, నడువ్, ఇంటికి పో."

"నాకొదిలేయండి సార్," అన్నాడు విజయరత్నం. ఈ ఒక్క మాట అనకుండా ఉండగలిగితే అతను జీవితంలో చాలా పైకొచ్చేవాడు.

సుసన్న కప్పులన్నీ దోహాలోని తెలుగు చర్చి క్రిస్మస్ ఆటల్లో గెలిచినవి. రాజమండ్రి నుంచి లగేజీలో తెప్పించినవి కనుక వాటిమీద చెక్కిందంతా తెలుగే. చదవగలిగినవాళ్ళు లేరన్న ధీమాతో విజయరత్నం షోకేసు ముందు నిలబడి మ్యూజికల్ చైర్స్ కప్పును ఫుట్‌బాల్ అన్నాడు, బైబిల్ క్విజ్ కప్పును హైజంప్ అన్నాడు. కమిటీకి పెద్ద అయిన తెల్లజుట్టు మేడమ్ తలూపుతూ వచ్చి, అన్నిటికంటే పెద్ద కప్పు దగ్గర ఆగింది. దానిమీద ఇత్తడి చెంచా, అందులో ఇత్తడి నిమ్మకాయ ఉన్నాయి. వాటిని ఏ హైజంప్‌లోనూ ఇరికించడం కుదరదు.

"ఇది మా మొట్టమొదటి సంప్రదాయం మేడమ్," అన్నాడు తనకొచ్చిన ఇంగ్లీషులో. "నోట్లో చెంచా, చెంచాలో నిమ్మకాయ. యూనివర్సిటీ పుట్టినప్పటి నుంచీ పరిగెడుతూనే ఉన్నాం."

అక్కడితో ఆగొచ్చు. ఆగితే విజయరత్నం ఎందుకవుతాడు?

"కిందటేడు కప్పు నేనే కొట్టాను."

మేడమ్ ముఖం వెలిగిపోయింది. ఎక్కడికి వెళ్ళినా ఫుట్‌బాలే చూపిస్తున్నారట. ఇలాంటిది ఎప్పుడూ వినలేదట. ఇప్పుడే చూడాలని ఉందట.

"చూపిస్తం మేడమ్, ఎందుకు చూపించం!" అని ఫసీయుద్దీన్ ఛాంపియన్ భుజం తట్టాడు. "యల్లా విజయరత్నం, గ్రౌండుకు!"

క్యాంటీన్ నుంచి నిమ్మకాయలు, చెంచాలు వచ్చాయి. పోటీకి నలుగురు విద్యార్థులను నిలబెట్టారు. ఇంటి నుంచి ఫోన్ మోగుతుంటే విజయరత్నం కట్ చేశాడు. టై కట్టుకుని, నోట్లో చెంచా పెట్టుకుని ఎండలో నిలబడ్డాక అతనికి తనమీద తనకే జాలేసింది. కాంట్రాక్టు, కూతురు మోనికా స్కూలు, అల్ ముంతజాలో ఫ్లాటు, అన్నీ ఒక నిమ్మకాయ మీద ఆధారపడి ఉన్నాయి. అది రెండడుగులకే పడింది. ఏరుకుని మళ్ళీ పెట్టుకున్నాడు. మళ్ళీ పడింది.

గ్రౌండు చూసుకునే మల్లన్నది జగిత్యాల వైపు. సున్నపు గీత పక్కనే నిలబడి ఆశ్చర్యపోయాడు. "జర నిమ్మళం సార్! గాలి గూడ లేదు, గదెందుకు పడ్తున్నది?"

మూడోసారి నిమ్మకాయ నిలిచింది. అప్పుడే సుసన్న వచ్చింది. కప్పులు కనబడక, భర్త ఫోన్ ఎత్తక, ఇంట్లో దొంగలు పడ్డారని చెప్పడానికి టాక్సీలో వచ్చిన మనిషి, లోపలికి వస్తూ షోకేసు చూసింది.

"ఏవండీ! నా కప్పులు ఆ అద్దాల బీరువాలో ఏం చేస్తున్నాయండీ?"

జవాబు చెబితే నిమ్మకాయ పడుతుంది. చెప్పబోయాడు. పడింది.

ఫసీయుద్దీన్ ముఖం పాలిపోయింది. "నీ కప్పులా అమ్మా?"

"నావే సార్. చర్చి ఆటల్లో గెలిచాను. ఈయనకి అక్కడ నిమ్మకాయ కూడా ఇవ్వరు, తొక్కేస్తారని."

ఆమె ఏమంటోందని మేడమ్ అడిగింది. దాచి లాభం లేక ఫసీయుద్దీన్ మెల్లగా ఇంగ్లీషులో చెప్పాడు. విజయరత్నానికి సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. ఇంటికి పోయే విమానం కళ్ళముందు కనిపించింది. నోట్లోంచి చెంచా తీయడం మాత్రం మరిచిపోయాడు.

ఆ వాలకం చూసేసరికి సుసన్నకు కోపం సగం దిగింది. "ఇలా ఇవ్వండి," అని చెంచా లాక్కుని కొంగుతో తుడిచింది. "నిమ్మకాయ వంక చూడకూడదండీ, అవతలి గీత వంక చూడాలి." కొంగు దోపుకుని, విద్యార్థులతో పాటు మళ్ళీ మొదటి నుంచి బయలుదేరింది.

"ఉరుకక్కా!" అని మల్లన్న కేకపెట్టాడు.

విద్యార్థులు సగం దూరంలో ఉండగానే ఆమె గీత దాటింది. నిమ్మకాయ కదల్లేదు. మేడమ్ చప్పట్లు కొట్టి, తనకూ ఒక చెంచా ఇమ్మని అడిగింది.

వెళ్ళేముందు మేడమ్ ఉన్నమాట అనేసింది. షోకేసంతా అబద్ధమట, ఖాళీ చేయాలట. నాలుగేళ్ళ యూనివర్సిటీకి చరిత్ర లేకపోవడం తప్పేమీ కాదట. అయితే సంప్రదాయం మాత్రం ఒకటి ఈరోజు తన కళ్ళముందే పుట్టిందట, వచ్చే ఏడు మళ్ళీ వచ్చి చూస్తుందట.

వారం తిరక్కుండా ఫసీయుద్దీన్ కబురు పెట్టాడు. విజయరత్నం కాంట్రాక్టు పొడిగించారు, కొత్తగా పెట్టిన ఆటల విభాగంలో సహాయకుడిగా. ఆ విభాగానికి అధికారిగా సుసన్నను తీసుకున్నారు. మొదటి రోజే ఆమె అతన్ని పిలిచి, మంచి నిమ్మకాయలు చూసి తెమ్మంది.

ఇంట్లో పెళ్ళినాటి నుంచీ ఉన్న సంప్రదాయమే ఆఫీసుకూ వచ్చింది.