ఉగాది పిలుపు మీద ఎర్ర పెన్సిల్

ఆ శనివారం నరసింహులు పెట్టుకున్నవి రెండే పనులు. పొద్దున తొమ్మిదింటికి గౌరీదేవి రచనా తరగతిలో అసలైన తెలుగంటే ఏమిటో చూపించడం, మధ్యాహ్నం బస్సులో క్యూర్‌పైప్ పట్నం వెళ్లి ఉగాది ఆహ్వానం అచ్చుకివ్వడం. దీవిలోని చెరకు ఎస్టేటు ఆఫీసులో ముప్పై ఏళ్లు గుమాస్తాగిరీ చేసి దిగిన ఆయన మాంటాన్ బ్లాంష్ ఊరి తెలుగు సభకు కార్యదర్శి. ఆహ్వానం ఏటా ఆయనే రాస్తాడు. రెండేళ్ల కిందట అరవై మంది వచ్చారు, కిందటేడు నలభై. "ఇలాగే సాగితే మన దీవికి స్వాతంత్ర్యం వచ్చేసరికి సభలో నువ్వూ నేనూ దేవుడూ మిగులుతాం" అని అధ్యక్షుడు రామానుజం ఆమధ్యే బెంగపడ్డాడు.

బడిలో తెలుగు చెప్పే, శనివారాలు పెద్దవాళ్లకి రచన నేర్పే గౌరీదేవికి ఇరవై మూడేళ్లు. ఆ వారం ఆమె ఇచ్చిన అభ్యాసం చిన్నది. "మీరు రాసిందేదైనా తెండి. ఏ మాట తీసేసినా అర్థం చెడదో, ఆ మాట కొట్టేద్దాం."

నరసింహులు ఆహ్వానానికి రెండో ప్రతి రాసి తెచ్చాడు. "శ్రీ ప్లవంగ నామ సంవత్సరాది మహాపర్వదిన శుభసందర్భమున" అని మొదలై అది ముప్పై రెండు పంక్తులు నడిచింది. ఎర్ర పెన్సిల్ కదిలింది. కదిలి ఆగలేదు. చివరికి కాగితం మీద బతికి బయటపడింది ఇంతే: "ఉగాది. ఆదివారం పది గంటలకు. బడి ఆవరణలో. అందరూ రండి. భోజనం ఉంది."

"ఇప్పుడు బాగుంది మామా," అంది గౌరీదేవి.

"బాగుందా? ముప్పై పంక్తులు మింగేసి భోజనం ఉందని వదుల్తావా? ఇది ఆహ్వానమా, హోటల్ బోర్డా?"

"వచ్చేవాళ్లకి కావలసింది అదే కదా మామా. కొట్టేసింది మీకు కావలసింది."

తరగతి నవ్వింది. నరసింహులు కాగితం లాక్కుని, రామానుజానికి ఫిర్యాదు చేయడానికి కోటు జేబులో పెట్టుకున్నాడు. అసలు ప్రతి కవరులో భద్రంగా ఉంది.

బస్సులో కోపం ఆగలేదు. రెండు కాగితాలూ బయటికి తీసి పక్క సీటాయన ముందు పరిచాడు. "ఇది నేను రాసింది. ఇది ఆ పిల్ల చేసిన ఘోరం. మీరే చెప్పండి."

పక్కాయనకు తెలుగు రాదు. రెండూ శ్రద్ధగా చూసి, ఎర్ర గీతలున్నదాని మీద వేలు పెట్టాడు. "సా-లా ప్లీ బోన్." ఇదే బాగుందట! నరసింహులు ఉడికిపోతూ చేతికందినట్టు రెండూ కుక్కేశాడు. అసలు ప్రతి జేబులోకి పోయింది, ఎర్ర గీతలది కవరులోకి పోయింది.

క్యూర్‌పైప్‌లో కుండపోత. సైక్లోస్టైల్ కొట్టులో అప్పలస్వామి చేతికి కవరు ఇచ్చి, "ఒక్క అక్షరం మారకూడదు బావా!" అని హెచ్చరించి, తిరుగు బస్సు కోసం పరుగెత్తాడు.

అప్పలస్వామి ఒక్క అక్షరం మార్చలేదు. పని తగ్గించినందుకు సభవారిని మెచ్చుకుని, స్టెన్సిల్ మీద మిగిలిన మాటలు దించాడు. కాగితంలో ముప్పాతిక ఖాళీ. ఖాళీ కాగితం అతనికి పాపంతో సమానం. అందుకని కింద పెద్ద అక్షరాలతో అదే సంగతి దీవిలో అందరూ మాట్లాడే క్రియోల్‌లో రాశాడు: "తు దిమున్ వినీ. ఎనా మాంజే." మూడు వందల ప్రతులు తీసి, ఏటా చేసినట్టే సాయంత్రం బస్సు కండక్టరుకిచ్చి దారిలోని కొట్లన్నిటికీ పంపాడు. నరసింహులు ఒక్కటీ చూడలేదు.

మర్నాడు, ఆదివారం పదింటికి బడి ఆవరణ నిండింది. పదిన్నరకు రోడ్డు నిండింది. వంట చూస్తున్న అంకమ్మ గరిటెతో బయటికొచ్చింది.

"అన్నా, అరవై మందికి ఏడు కూరలు చేశా. ఈ జాతరేంది?"

"నా భాష మహిమ, అంకమ్మా," అన్నాడు నరసింహులు. ఆయన కళ్లు చెమర్చాయి కూడా.

అంతలో చీనా కొట్టు యజమాని పెళ్లాం పిల్లలతో వచ్చి, "బోంజూర్ మిస్యే!" అని పలకరించి కాగితం చూపించాడు. నరసింహులు చదివాడు. తిప్పి చూశాడు. వెనక ఏమీ లేదు.

వెంటనే మైకు అందుకున్నాడు. "మహాజనులారా! ఈ ఆహ్వానము నాది కాదు! ఇది భాషాద్రోహము, సమాసహత్య!" అంటూ పావుగంట గర్జించాడు. వచ్చినవారిలో సగం మందికి క్రియోలే భాష, మిగిలినవారికి తెలుగు భజనల మేరకే వచ్చు. పండుగ ఉత్సాహం కాబోలనుకుని చప్పట్లు కొట్టారు. ఆయన గొంతు పెంచినకొద్దీ చప్పట్లు పెరిగాయి.

అంకమ్మ మైకు లాక్కుంది. "అన్నం చాల్దు. ఇంట్లో ఉన్నది తెండి." మళ్లీ క్రియోల్‌లో అదే చెప్పింది. ఐదు నిమిషాల్లో ఆవరణ ఖాళీ అయింది.

"చూశావా? తిండికొచ్చినవాళ్లు తిండి లేదనగానే పోయారు," అన్నాడు నరసింహులు కసిగా.

అరగంటలో అందరూ తిరిగొచ్చారు, గిన్నెలతో, డెగ్చీలతో. దాల్‌పూరీలు, పనసకాయ కూర, చీనా కొట్టు నుంచి ఒక బేసిన్ నూడుల్స్. మాంసం తెచ్చినవాళ్లను అంకమ్మ గేటు దగ్గరే వెనక్కి పంపింది. మూడింటిదాకా బంతులు లేచాయి. నూట పది కొత్త పేర్లు సభ పుస్తకంలో చేరాయి.

రామానుజం నరసింహులును కౌగిలించుకున్నాడు. "ఇరవై ఏళ్లుగా రాస్తున్నావు. ఇన్నాళ్లకి నీకు రాయడమొచ్చింది!"

"అది నేను రాయలేదు! ఆ గౌరి..."

"నేను ఒక్క మాట కూడా కలపలేదు," అంది గౌరీదేవి. "ఆ మాటలన్నీ మామవే."

అది నిజమే. ఇకమీదట సభ కాగితాలన్నీ ఆయనే, ఇదే శైలిలో రాయాలని ఆ సాయంత్రమే తీర్మానించారు. తీర్మానానికి వ్యతిరేకంగా పడింది ఒక్కటే ఓటు, అది కార్యదర్శిది.