రెండువేల ఏళ్ళ అంట్లు

పెళ్ళీడు ఆడపిల్లలున్న తల్లిదండ్రులారా! వేసవి సెలవుల్లో మీ అమ్మాయిని కుట్టుపనికో, సంగీతానికో పంపి చెడగొట్టకండి. నేరుగా పురావస్తు తవ్వకాల క్యాంపుకు పంపండి. అంట్లు తోమడంలో అంతటి శిక్షణ ఇంకెక్కడా దొరకదు!

అనుభవం మీద చెబుతున్నాను. నా పేరు పంకజవల్లి. ఊరు పోదనూరు, చదువు కోయంబత్తూరులో బి.ఏ. చరిత్ర. ఈ ఎండాకాలం మా కాలేజీవాళ్ళు కినత్తుకడవు దగ్గర కొబ్బరితోటలో మట్టిలో కలిసిపోయిన పాతకాలపు ఊరొకటి తవ్వుతుంటే నేనూ చేరాను.

మిల్లు సైరను, అదే మా సంగు, కూస్తే లేచి, మళ్ళీ సంగు కూస్తే అన్నానికి కూర్చునే ఇల్లు మాది. అలాంటి ఇంట్లో ఆడపిల్ల ఊరు దాటాలంటే తోడు ఉండొద్దూ? అందుకని మా అవ్వ గోవిందమ్మాళ్ కూడా చాపా, చెంబూ పట్టుకుని క్యాంపులో చేరింది. తవ్వకాల శాస్త్రంలో అవ్వల పాత్ర గురించి ఏ పాఠ్యపుస్తకంలోనూ లేదు. పెద్ద లోటే!

వచ్చీ రాగానే మా వీరరాఘవన్ సారు పని పంచారు. మగపిల్లలకు గునపం, గుంట. ఆడపిల్లలకు తొట్టి, బ్రష్షు. గుంటలోంచి పైకొచ్చిన కుండ పెంకులన్నీ మేం కడగాలి. ఎందుకలా అంటారా? లంగా మీద దావణి కట్టినవాళ్ళు నిచ్చెన దిగితే గుంట అంచు విరిగిపడుతుందట! మా క్లాసు లక్ష్మణన్ నాకు రెండింతలుంటాడు. అతను దిగితే మాత్రం అంచు చెక్కుచెదరదు. దీన్నే సైన్సు అంటారు.

ఇందులో లాభాలు తక్కువా? నిన్నటి అంట్లు ఎవరైనా తోముతారు. రాజుల కాలంనాటి అంట్లు తోమే యోగం ఎందరికి పడుతుంది? ఇంట్లో ఒక్క గిన్నె కడగనని తిట్టే మా అమ్మ, ఇక్కడ పొద్దస్తమానం కడుగుతున్నానని విని పొంగిపోయింది. పెంకులు తుడవడానికి నాన్న మిల్లు నుంచి మూటెడు వేస్టు కాటన్ పంపారు. మా ఇంటి గిన్నెలకు ఏనాడూ ఇంత మర్యాద జరగలేదు!

నిజానికి నేను చేరింది ఆ గుంటలోకి దిగి, ఒక్కటంటే ఒక్క కుండ నా చేతులతో మట్టిలోంచి పైకి తీయాలని. ఆ సంగతి ప్రస్తుతానికి పక్కన పెట్టండి.

మొన్న శుక్రవారం లక్ష్మణన్ పగలని బాన ఒకటి పైకి తెచ్చాడు. చప్పట్లే చప్పట్లు! చీటీ మీద అతని పేరు! నేను దాన్ని శుభ్రంగా కడిగి, నీడలో ఆరబెట్టి, తొట్టిలో నీళ్ళు మార్చడానికి వెళ్ళాను. తిరిగొచ్చేసరికి బాన మెడ చుట్టూ పసుపు, పొట్ట మీద కుంకుమ బొట్లు.

"అవ్వా! ఏంటికిట్ల చేస్తివి?"

"శుక్రవారం పొద్దు, కడిగిన బానను బోడిగా పెట్టేదా కన్నా? మీ సారింట్లో పెద్దోళ్ళు ఎవురూ లేదా?"

తుడిచేలోపే సారు టీ కోసం పైకొచ్చారు. బానను చూసి నిలబడిపోయారు. కళ్ళలో నీళ్ళు! "కడిగితే బయటపడింది చూడండిరా! రెండువేల ఏళ్ళనాటి పసుపు! అమ్మవారి పూజ!" అంటూ టీ కూడా తాగకుండా, ఇంకేమైనా ఉందేమోనని మళ్ళీ గుంటలోకి దిగిపోయారు.

నిజం చెప్పాలి కదా? పరుగెత్తాను. "సార్, ఆ పసుపు..." అన్నానో లేదో, కిందనుంచి కేక.

"నిల్లుమ్మా అక్కడే! గుంట కాడికి ఆడపిల్లోళ్ళు రాకూడదని ఎన్నితూర్లు చెప్పేది? పోయి పెంకులు కడుగు, పో!"

లక్ష్మణన్ నవ్వాడు. నాకు కోపం వచ్చింది, ఏడుపూ వచ్చింది. అయినా క్రమశిక్షణ గల విద్యార్థినిని కదా, తొట్టి దగ్గరికొచ్చి కూర్చున్నాను.

సోమవారం మద్రాసు నుంచి పెద్ద పండితులు ఆ పసుపును చూడటానికి వస్తున్నారు. సారు ఉపన్యాసం బట్టీ పడుతున్నారు. అంత పెద్దవాళ్ళు వస్తున్నారని తెలిసి, అవ్వ చెరిగిన బొట్లను మళ్ళీ దిద్దింది కూడా.

నిజం నా దగ్గర భద్రంగా ఉంది. సారు అడిగితే తప్పకుండా చెబుతాను. కాకపోతే తొట్టి దగ్గర చెప్పను. నిచ్చెన చివరి మెట్టు దిగి, గుంటలో నిలబడి చెబుతాను.