నాలుగు కన్నాల సీలు

ఆదివారం పొద్దున్న ఐదున్నరకి లిఫ్టు మెకానిక్ అబద్ధమాడడానికి లేచాడు. అబద్ధం కొత్తదేమీ కాదు. రెండు నెలలుగా ప్రతి ఆదివారం వాడుతున్నదే, వాడి వాడి నున్నగా అయిపోయింది. ఎక్కడో లిఫ్టు ఇరుక్కుపోయింది, లోపల మనుషులున్నారు, వెంటనే వెళ్ళాలి. అంతే. ఆ తరవాత అతని ప్లాను చాలా తేలిక. ఏడింటికి ఊరి బయట విమానాల మైదానం చేరడం, తొమ్మిదింటికి పదమూడు వేల అడుగుల ఎత్తు నుంచి దూకడం, పన్నెండింటికి ఇంటికొచ్చి బుద్ధిమంతుడిలా భోంచెయ్యడం.

భార్యకి ఈ సంగతి తెలుసు. తెలియనిది అత్తగారికి. ఆవిడ తన ఇంటికి రంగులు వేయిస్తూ, ఆ వాసన పడక కూతురి దగ్గరికొచ్చి ఉన్నారు. ముప్ఫై ఏళ్ళు బడిపిల్లల యూనిఫారాలు కుట్టిన చెయ్యి ఆవిడది. ఆవిడ కుట్టిన నిక్కరు వేసుకుని చదువుకున్నవాడు పెద్దవాడై, అదే నిక్కరు తన కొడుక్కి తొడిగి బడికి పంపాడంటారు. చేతిపని ఎంత గట్టిదో గుండె అంత మెత్తన. అల్లుడు బల్బు మార్చడానికి స్టూలెక్కితే కింద దిండు పరిచే మనిషి. అలాంటావిడకి అతను విమానంలోంచి దూకుతాడని తెలిస్తే ఆకాశం కింద దిండు పరచడం కుదరదు కాబట్టి అల్లుణ్ణే మంచానికి కట్టేస్తారు.

పైగా ఈ ఆదివారం తప్పిపోతే కుదరదు. మెకానిక్, పళ్ళ డాక్టరు, బేకరీ అక్క, బస్సు డ్రైవరు, ఈ నలుగురూ ఆకాశంలో పడుతూ పడుతూ చేతులు కలిపి రింగు కట్టాలని పదకొండుసార్లు ప్రయత్నించారు. పదకొండుసార్లూ రింగు తప్ప అన్నీ అయ్యాయి. ఒకసారి డాక్టరు చెయ్యి అనుకుని డ్రైవరు కొంగ కాలు పట్టుకున్నాడట. నిజమో కాదో కొంగనే అడగాలి. విమానం నడిపే పైలటమ్మ విసిగిపోయి, "ఈ ఆదివారం కట్టారా సరే. లేదంటే పొద్దుటి మొదటి విమానం ఇంకో నలుగురికి ఇచ్చేస్తా" అని తేల్చేసింది.

మెకానిక్ గదిలోంచి బయటికొచ్చేసరికి అత్తగారు గుమ్మం దగ్గర అతని పారాచూట్ సంచీ పట్టుకుని నిలబడి ఉన్నారు. ఆవిడ దృష్టిలో అది పనిముట్ల సంచీ.

"బాబూ, ఇదిగో మీ సంచీ. నిన్న దుమ్ము దులిపాను. కాస్త సర్దాను కూడా."

"మీకెందుకత్తయ్యా శ్రమ?"

"శ్రమేముంది నాయనా. ముందు మీరు బయల్దేరండి. పాపం లోపలున్నవాళ్ళకి ఊపిరాడదు."

ప్రతి ఆదివారం ఏ లిఫ్టు, ఎన్నో అంతస్తు, లోపల ముసలివాళ్ళున్నారా అని పన్నెండు ప్రశ్నలడిగే అత్తగారు ఆ రోజు ఒక్కటీ అడగలేదు. పైగా వీధి తలుపు ఆవిడే తీసిపెట్టారు. అనుమానం రావలసింది అక్కడే. రాలేదు.

మైదానంలో ఒక పద్ధతి ఉంది. వీపు సంచీలో రెండు పారాచూట్లుంటాయి. మొదటిది ఎవరిది వాళ్ళే మడుచుకుంటారు. అది మొరాయిస్తే ప్రాణం కాపాడే రెండోది రిజర్వు. దాన్ని సీలు తాత తప్ప ఎవరూ ముట్టుకోకూడదు. ఆరు నెలలకోసారి ఆయన దాన్ని విప్పి, అంగుళం అంగుళం చూసి, మడిచి, మోకాళ్ళేసి తొక్కి లోపలికి పంపి, మూత పట్టి ఉంచే పిన్నుకి సన్నటి ఎర్రదారం కట్టి, దానికి సీసపు సీలు నొక్కుతాడు. ఎవరి రిజర్వయినా మొదటిసారి తెరుచుకుందంటే వాళ్ళు తాతకి ఒక కేకు తెచ్చివ్వాలి. బతికి ఉన్నందుకు అదే రసీదు. ఇక విమానం ఎక్కేముందు ఒకరి సంచీ ఒకరు చూడాలి. చూడకుండా ఎక్కిన మొగుణ్ణి పెళ్ళాం కూడా దింపేస్తుంది అక్కడ.

మెకానిక్ సంచీ చూడడం పళ్ళ డాక్టరు వంతు. ఆయన దేన్ని చూసినా నోట్లో చూసినట్టే చూస్తాడు.

"వెనక్కి తిరుగు. కదలకు. ఊఁ... ఊఁ..." అంటూ ఆగిపోయాడు.

"ఏంట్రా, పుచ్చిందా?"

"ఒరేయ్, నీ సీలుకి నాలుగు కన్నాలున్నాయి."

"సీలుకి కన్నాలేంట్రా?"

"కన్నాల్లోంచి దారం అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి కుట్టి ఉంది. దీన్ని మా ఇంట్లో బొత్తాం అంటారు."

బేకరీ అక్క వంగి చూసింది. "తెల్ల బొత్తాం. చొక్కాదే."

"తాత దగ్గర సీసం అయిపోయిందేమో" అన్నాడు బస్సు డ్రైవరు. అతను అన్నది నవ్వులాటకే. ఆ మాట టీ బల్ల దగ్గరికి చేరేసరికి తాత దగ్గర నిజంగానే సీసం అయిపోయింది. బాత్‌రూముల దగ్గరికి చేరేసరికి మూడు నెలలుగా బొత్తాలే వేస్తున్నాడు. విమానం దగ్గరికి చేరేసరికి తాతకి చూపు పూర్తిగా పోయి, చేతికి ఏది అందితే అది కుట్టేస్తున్నాడు. పది నిమిషాల్లో పద్నాలుగు మంది సంచీలు పట్టుకుని తాత గది ముందు నిలబడ్డారు. పైలటమ్మ ఇంజను ఆపేసింది.

సీలు తాత బయటికొచ్చి బొత్తాం చూశాడు. మీసం వణికింది.

"ఎవడ్రా నా చేతికి బొత్తాం అంటగట్టింది? నలభై ఏళ్ళ నుంచి నా సీలు కింద ఒక్క ప్రాణం పోలేదు. నా మీద నమ్మకం లేని చోట నేనుండను." కత్తెరా పటకారూ బల్ల మీద పెట్టి, నెత్తిమీద టోపీ తీసి వాటి పక్కనే పెట్టాడు.

"తాతా, తమరు వెళ్ళిపోతే ఈ విమానం ఇక లేవదు" అంది పైలటమ్మ.

"లేవకపోతే దానికి చక్రాలున్నాయి. రోడ్డు మీద నడుపుకో."

మెకానిక్ ముందుకొచ్చి, "వెళ్దువుగాని తాతా. ముందు నాది విప్పి చూసి వెళ్ళు, నీ కాళ్ళు పట్టుకుంటా" అన్నాడు.

తాత రిజర్వు తెరిచే ఎర్రహ్యాండిల్ పట్టుకున్నాడు. అందరూ మూడడుగులు వెనక్కి జరిగారు. రిజర్వు పైన స్ప్రింగు ఉంటుంది, వదిలితే మనిషెత్తు ఎగురుతుంది. ఒకసారి పైలటమ్మ కళ్ళజోడు ఎత్తుకుపోయి ఇప్పటికీ ఇవ్వలేదు. తాత లాగాడు. రాలేదు. డ్రైవరు కూడా చెయ్యి వేశాడు. రాలేదు. చివరికి కత్తెరతో దారం కత్తిరించాల్సి వచ్చింది.

ఏమీ ఎగరలేదు. సంచీలోంచి నీలం పువ్వుల దుప్పటి ఒకటి మెల్లగా జారి కింద పడింది. దాని వెనక రెండు దిండు గలీబులు. అన్నీ ఇస్త్రీ చేసినవే. ఆఖర్న మూడు కలరా ఉండలు దొర్లుకుంటూ వెళ్ళి తాత బూటు దగ్గర ఆగాయి.

"డబుల్ కాట్ దుప్పటి తమ్ముడూ" అంది బేకరీ అక్క. "పైనే నిద్రపోయేవాడివి." ఎవరూ నవ్వలేదు. అక్క కూడా నవ్వలేదు.

మెకానిక్ అక్కడే కూర్చుండిపోయాడు. ఆ నీలం పువ్వులు అతను ఎరిగినవే. ఇంటికి చుట్టాలొస్తే తప్ప బీరువాలోంచి బయటికి తియ్యని దుప్పటి అది. వెంటనే ఇంటికి ఫోన్ చేశాడు.

"ఏవండీ, ఎక్కడున్నారు? తొందరగా రండి! అమ్మ డాబా మీద..." భార్య గొంతు గాలిలో కొట్టుకుపోతోంది.

"డాబా మీద ఏం చేస్తోంది?"

"ఎగురుతోంది!"

"ఎగరడమేంటే?"

"ఎగరడమంటే ఎగరడమేనండీ! కాళ్ళు నేలమీద లేవు! నెత్తిన ఇంత నారింజ రంగు గుడ్డ!"

నారింజ రంగు అనే మాట తాత చెవిన పడింది. బల్ల మీది టోపీ తీసి మళ్ళీ పెట్టుకున్నాడు. "నా రిజర్వే. పదండి."

బస్సు డ్రైవరు క్లబ్బు వ్యాను తోలిన తోలుడికి దారిలో ఎర్రలైట్లు భయపడి వాటంతట అవే పచ్చబడ్డాయి. ఇంటిముందు దిగి, ఐదుగురూ మూడంతస్తులూ పరిగెత్తి ఎక్కారు. పైన గాలి ఈలలు వేస్తోంది. రిజర్వు పారాచూట్ నిండుగా విచ్చుకుని డాబా మీద నిలబడింది. దాని తాళ్ళు అత్తగారి నడుముకి. అత్తగారి రెండు చేతులూ నీళ్ళ ట్యాంకు పైపుకి. కాళ్ళు నేలకి అడుగెత్తున. కూతురు ఆవిడ చీలమండలు పట్టుకుని వేలాడుతోంది.

"అత్తయ్యా, ఆ తాళ్ళు వదిలెయ్యండి!"

"వదిలితే మీ గుడ్డ ఎగిరిపోతుంది బాబూ!"

"పోతే పోనివ్వండి!"

"ఎలా పోనిస్తానండీ? ఆ కుట్టు చూశారా? ఇలాంటి కుట్టు నా జన్మలో చూళ్ళేదు!"

పరిగెత్తుతున్న తాత ఒక్క క్షణం ఆగి మీసం సవరించుకున్నాడు. వెంటనే అరిచాడు. "నలుగురూ ఆవిడ చుట్టూ చేరండి! చేతులు కలిపి కిందికి నొక్కండి! గుడ్డ సంగతి నేను చూస్తా!"

డాక్టరు మెకానిక్ మణికట్టు పట్టుకున్నాడు. మెకానిక్ అక్కది, అక్క డ్రైవరుది, డ్రైవరు డాక్టరుది. పదకొండుసార్లు కుదరనిది ఒక్క క్షణంలో కుదిరింది.

"కట్టాం! రింగు కట్టాం!" అని డ్రైవరు గంతులు వేశాడు.

"ముందు నన్ను దింపండి నాయనా. తరవాత ఎన్నయినా కట్టుకుందురుగాని."

దింపారు. తాత ఒక అంచు తాడు పట్టుకుని గట్టిగా లాగితే పారాచూట్ ఊపిరి వదిలి, అందరి మీదా దుప్పటిలా కప్పుకుంది. లోపల అందరి మొహాలూ నారింజ రంగులోకి మారాయి. అందరికంటే ముందు అత్తగారికి ఊపిరి అందింది.

"బాబూ, ఇదా మీ లిఫ్టు?"

అల్లుడు తల దించుకున్నాడు.

"ఎంత ఎత్తు?"

"పదమూడు వేల అడుగులత్తయ్యా."

"స్టూలెక్కితేనే దిండు వేసేదాన్ని నేను!"

"వేశారుగా పిన్నిగారూ" అన్నాడు డాక్టరు. "దుప్పటీ, రెండు గలీబులూ."

అప్పుడు ఆవిడ అసలు సంగతి చెప్పారు. నిన్న దుమ్ము దులుపుతుంటే ఎర్రగా ఒక పిడి కనిపించింది. ఏమిటా అని లాగారు. పిల్లిలా ఏదో మీదికి దూకింది. వెనకే గుడ్డ వచ్చింది, వచ్చింది, గది నిండింది. మళ్ళీ లోపలికి తొయ్యబోతే వెళ్ళదే!

"వెళ్ళదమ్మా. నాకే రెండు గంటలు పడుతుంది" అన్నాడు తాత.

అందుకని కుట్టుమిషను రెంచీతో, దాని తాళ్ళని సంచీకి కలిపే ఇనప లింకులు నాలుగూ ఊడదీసి, గుడ్డ మంచం కింద దాచి, సంచీ బోసిపోకుండా ఇంట్లో ఉన్నవాటిలో మంచి దుప్పటి చూసి పెట్టారు. దారానికున్న సీసం ముక్క విరిగిపోయింది గనక దాని బదులు బొత్తాం కుట్టారు. గుడ్డ ముక్కిన వాసనేస్తోందని, అల్లుడు వెళ్ళగానే డాబా మీద ఆరేశారు. గాలికి ఎగిరిపోతుందేమోనని తాళ్ళు నడుముకి చుట్టుకున్నారు.

"నాతో ఒక్క మాట అని ఉండచ్చుగా అత్తయ్యా."

"మీరు బాధపడతారని అనలేదు. మీరు మాత్రం నాతో అన్నారా?"

తాత జేబులోంచి బొత్తాం తీసి ఆవిడ చేతిలో పెట్టాడు.

"అమ్మా, ఇంత గట్టి కుట్టు నేనెరగను. ఇద్దరం కలిసి లాగినా తెగలేదు. చిక్కంతా అదే. సీలు దారం లాగగానే తెగాలి. ఇది మీ అల్లుడు నేల తాకేదాకా తెగేది కాదు. తెగినా లోపల దుప్పటే."

అత్తగారి మొహంలో నారింజ రంగు కూడా నిలవలేదు. అల్లుడి చొక్కా చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు. వదిలాక కళ్ళు తుడుచుకుని, "మరి దీన్ని కనిపెట్టిందెవరు?" అన్నారు.

"నేనేనండీ" అన్నాడు డాక్టరు. "ఎక్కేముందు ఒకరిది ఒకరం చూసుకుంటాం."

"రోజూ చూసుకుంటారా?"

"ప్రతిసారీనండీ."

"అయితే వచ్చే ఆదివారం నేనూ వస్తాను. చూసే కళ్ళు ఇంకో రెండుంటే నష్టమేముంది?"

బేకరీ అక్క పారాచూట్ కిందనుంచే కేకు సంగతి గుర్తుచేసింది. రిజర్వు తెరుచుకుందంటే తెరుచుకున్నట్టే, అది ఆకాశంలోనా పడగ్గదిలోనా అనేది పద్ధతిలో రాసి లేదు. ఆ సాయంత్రం పైలటమ్మ మొత్తం విని, పుస్తకం తెరిచి, ఆ నలుగురి పేర్లకి ఎదురుగా "రింగు కట్టారు. ఎత్తు: మూడో అంతస్తు" అని రాసి, మొదటి విమానం వాళ్ళకే ఉంచింది.

తాత వారమంతా ఆ రిజర్వుని దీపం కింద పరిచి, చిన్న చిరుగు కూడా లేదని తేలాక మళ్ళీ మడిచి సీలు వేశాడు. ఆదివారం అత్తగారు కేకుతో వచ్చారు. తాత ఆవిణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని పిన్ను ఎక్కడుండాలో, దారం ఎలా ఉండాలో, పట్టీ ఎంత బిగించాలో చూపించాడు. ఆవిడ ఒక్కసారి విన్నారు. తరవాత విమానం ముందు ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని, మెళ్ళో కొలత టేపుతో, ముక్కు చివర కళ్ళజోడుతో కూర్చున్నారు. హెల్మెట్ పట్టీ వదులని డాక్టర్ని రెండుసార్లు వెనక్కి పంపారు. చేతిదగ్గర దారం వేలాడుతోందని డ్రైవర్ని ఆపి, పళ్ళతో కొరికి పంపారు. ఆఖర్న అల్లుడు ఛాతీ విరుచుకుని వచ్చి నిలబడ్డాడు. ఆవిడ పిన్ను చూశారు, సీలు చూశారు, పట్టీలన్నీ లాగారు, గుండ్రంగా తిప్పారు.

"అన్నీ బాగున్నాయి. చొక్కా బొత్తాం ఒకటి లేదు."

"అత్తయ్యా, అది మీరే కదా తీసి సీలుకి కుట్టారు!"

"ఎవరు తీసినా లేనిది లేనిదే బాబూ. ఏ లోపమున్నా ఎక్కించద్దన్నారు తాతగారు."

అల్లుడు తాత వైపు చూశాడు. తాత నోటినిండా కేకు ఉంది. డాక్టరు వైపు చూశాడు. డాక్టరు ఆకాశం వైపు చూశాడు. ఇంతలో అతని జేబులో ఫోన్ మోగింది.

ఆ ఆదివారం అతను నిజంగానే లిఫ్టు బాగుచెయ్యడానికి వెళ్ళాడు.