మంత్రిగారి హాల్లో పాతాళగంగ

ప్రజలకు క్రమశిక్షణ నేర్పే పని ముందు తన ఇంటి కుక్కపిల్లతోనే మొదలుపెడుతున్నట్టు కరువు నివారణ శాఖ మంత్రి బాలసుబ్రమణ్యం గారు చిత్తూరు విలేకరులను పిలిచి ప్రకటించారు. మద్రాసు నుంచి వచ్చిన ఆ తెల్లటి పిల్ల పేరు డైమండ్. నెల తిరిగేలోగా అది ఇంట్లో ఒక్క చుక్క కూడా పోయదని, ఆ బాధ్యత పార్టీ కార్యకర్త మునిరామయ్యకు అప్పగించామని చెప్పారు. ఒంటికేనా, రెంటికి కూడానా అని ఒక విలేకరి అడిగితే, రెండూ దశలవారీగా అమలవుతాయని సెలవిచ్చారు.

మునిరామయ్య సామాన్యుడు కాడు. జెండాలు కట్టి, గోడల మీద గుర్తులు గీసి, మైకు ముందు గొంతు పోగొట్టుకున్న త్యాగమూర్తి. అతనికి జీవితంలో కావలసిందల్లా బంగారుపాళ్యం మామిడి మార్కెట్ కమిటీ చైర్మన్ పదవి. కుక్క నేర్చుకుంటే ఆర్డరు చేతికొచ్చినట్టేనని మంత్రిగారు మాటిచ్చారు.

అందుకని అతను తనకు తెలిసిన పద్ధతిలోనే శిక్షణ ఇచ్చాడు. పొద్దున్నే డైమండ్‌ను జీపులో ముందు సీటు మీద కూర్చోబెట్టి, వెనక కార్యకర్తలను ఎక్కించుకుని మైదానానికి తీసుకెళ్లేవాడు. అక్కడ క్రమశిక్షణ గురించి నాలుగు ముక్కలు మాట్లాడేవాడు. డైమండ్ చెవులు నిక్కబొడుచుకుని వినేది. కార్యకర్తలు జిందాబాద్ కొట్టేవాళ్లు. తర్వాత అది ఇంటికొచ్చి, హాల్లో మొజాయిక్ నేల నట్టనడుమకు నడిచి, వెనక కాళ్లు మడిచి తన పని కానిచ్చేది.

అయినా నెలాఖరుకల్లా శిక్షణ జయప్రదంగా ముగిసిందని మునిరామయ్య పేపర్లకు చెప్పేశాడు. అది అచ్చయిన రోజే మంత్రిగారు టూరు నుంచి దిగి, చెప్పులు విడిచి హాల్లోకి వచ్చి ఆగిపోయారు. అరికాలు తడిసింది.

"ఏందప్పా ఇది?"

"నీళ్లన్నా."

"యాడియి?"

మునిరామయ్య కళ్ల ముందు మామిడి మార్కెట్ మొత్తం గిర్రున తిరిగింది. "భూమిలోంచి వస్తాండాయన్నా. తుడిస్తే మళ్లీ ఊరతాండాది," అన్నాడు.

జిల్లాలో మూడేళ్లుగా వానల్లేవు. బావులు అడుగంటి, బిందెలు గొడవలకు తప్ప దేనికీ పనికిరాకుండా ఉన్న కాలమది. మంత్రిగారు తన అరికాలును కాసేపు గౌరవంగా చూసుకుని ఇంజినీరుకు కబురు పెట్టారు.

ఇంజినీరు ధనంజయ తిరుపతికి బదిలీ కోసం కాళ్లరిగేలా తిరుగుతున్న మనిషి. మోకాళ్ల మీద వంగి నేలను వేలి కణుపుతో కొట్టి చూశాడు. వేలు తడి చేసుకుని నాలుక మీద పెట్టుకున్నాడు. "గోరువెచ్చంగా ఉండాది సార్, శానా లోతు నుంచి వస్తాండాది. ఉప్పు గూడా తగులుతాండాది. పులికాట్ నుంచి లోపల్లోపలే వస్తాండొచ్చు," అని తేల్చాడు. వారం తిరక్కముందే అతనికి తిరుపతి బదిలీ వచ్చింది.

ఇక ఆ హాలు హాలు కాదు. సోఫాలు బయటికి పోయాయి. తడి చుట్టూ ఇటుకలతో గట్టు కట్టి, దానికి పసుపు పూశారు. జనం చెంబులతో వచ్చి, దూరం నుంచే దండం పెట్టుకుని పోయేవాళ్లు. డైమండ్ ఏ పూటా తప్పకుండా గట్టు దాటి తన వంతు సేవ చేసేది. శిక్షణ పొందిన కుక్క హాల్లో పోసే ప్రశ్నే లేదు గనుక ఎవరికీ అనుమానం రాలేదు. వచ్చినవాళ్లకు నోరు రాలేదు.

మంత్రిగారి భార్య పంకజాక్షి ఒకసారి ఫినాయిలు సీసాతో వస్తే, పాతాళగంగలో ఫినాయిలు పోస్తావా అని ఆయన కసురుకున్నారు. ఆమె సీసా తీసుకెళ్లి పక్కన పెట్టేసింది. ఆ పూట నుంచి డైమండ్ పాలు తాగిన ప్రతిసారీ దాన్ని చంకనెత్తుకుని పెరట్లో క్రోటన్ కుండీల దగ్గర దించి, పనయ్యాక తల నిమిరి లోపలికి తెచ్చుకోవడం మొదలుపెట్టింది.

ఇంతలో పాతాళగంగను చూడటానికి ఢిల్లీ నుంచి కేంద్రమంత్రి వస్తున్నారని తెలిసింది. ఆయన కళ్లారా చూస్తే జిల్లాకు నిధులు, మునిరామయ్యకు చైర్మన్‌గిరీ. ఆర్డరు టైపై మంత్రిగారి జేబులో ఉంది. స్వాగత తోరణాల హడావుడిలో పడి హాలు సంగతి మరిచిపోయిన మునిరామయ్య, ఆ రోజు పొద్దున వచ్చి చూస్తే నేల ఎండి పెళపెళలాడుతోంది.

"వదినా, నీళ్లు రాలేదేమి?"

"యాడొస్తాయప్పా? అది బయటికి పొయ్యేది నేర్చుకునింది గదా," అంది పంకజాక్షి.

పార్టీ చిత్తుగా ఓడినప్పుడు కూడా అతనికి అంత ఏడుపు రాలేదు. డైమండ్‌ను గట్టు లోపల దించి గిన్నెడు మజ్జిగ పెట్టాడు. అది కాస్త తాగి, పరిగెత్తి పెరటి తలుపు గోకింది. మళ్లీ తెచ్చి దించాడు. నా తల్లివి కదా అని బతిమాలాడు. మళ్లీ తలుపే గోకింది. వీధి చివర బ్యాండు మేళం మొదలైంది. పంకజాక్షి వచ్చి తలుపు తీసేసరికి డైమండ్ బాణంలా కుండీల దగ్గరికి పోయింది. అప్పుడే కారు దిగిన కేంద్రమంత్రి ప్రహరీ మీంచి అది కళ్లారా చూసి, ఇంతటి క్రమశిక్షణ ఢిల్లీలో కూడా లేదని మెచ్చుకున్నారు.

లోపల మునిరామయ్య మిగిలిన మజ్జిగ చెంబెత్తి గటగటా తాగేశాడు. అతిథి కోసం కొట్టి పెట్టిన కొబ్బరిబొండాలు కూడా తాగాడు. తర్వాత గడప దగ్గరికి వచ్చి చేతులు జోడించి, గంగమ్మకు ఏకాంత సేవ జరగాలని, అంతదాకా ఎవరూ లోపలికి రాకూడదని విన్నవించుకుని తలుపు గడియ వేసుకున్నాడు.

బ్యాండు వాళ్లు భక్తిపాట అందుకున్నారు. కలెక్టరుతో సహా అందరూ చెప్పులు విడిచి నిలబడ్డారు. డైమండ్ కుండీ నీడన నిద్రపోతోంది.

తలుపులు తెరుచుకున్నాయి. మునిరామయ్య ముఖం ఎంతో ప్రశాంతంగా ఉంది. గట్టు లోపల నీళ్లు నిండుగా ఉన్నాయి. కేంద్రమంత్రి వంగి కళ్లకద్దుకుని, తల మీద చల్లుకున్నారు. హోదా క్రమంలో మిగతావాళ్లూ చల్లుకున్నారు. ఊట ఇదివరకటి కంటే పెరిగిందని, నిధులిస్తే ఇంకా పెరుగుతుందని తిరుపతి నుంచి పనిగట్టుకుని వచ్చిన ధనంజయ మనవి చేశాడు. మంత్రిగారు కళ్లు తుడుచుకుని, జేబులోంచి ఆర్డరు తీసి మునిరామయ్య చేతిలో పెట్టారు.

పంకజాక్షి పెరట్లో నిద్రపోతున్న కుక్క వంక చూసింది. మునిరామయ్య వంక చూసింది.

మధ్యాహ్నం విందులో కొత్త చైర్మన్ గారు పెరుగన్నం ముగించి చెయ్యి కడుక్కుంటుంటే, ఆమె పెరటి తలుపు తీసి పట్టుకుని నిలబడింది.

"ఇట్ల రాప్పా," అంది మెల్లిగా. "కుండీలు ఈ పక్క ఉండాయి."