ఏ డిగ్రీ అయినా సరే

పందొమ్మిది వందల తొంభై నాలుగు ఏప్రిల్‌లో ఒక శుక్రవారం ఉదయం, దోహాలో, అల్ సద్‌లోని కామేశ్వరరావు గారి ఫ్లాటులో తెలుగు కుటుంబాల విద్యా సలహా సంఘం అత్యవసరంగా సమావేశమైంది. సభ్యులు పదకొండు మందీ హాజరయ్యారు. ఎజెండాలో ఉన్నది ఒకే అంశం. మెసైమీర్‌లో ఉంటున్న మన సభ్యుడు రామచంద్రరావు గారి అమ్మాయి ఇంద్రజ డిగ్రీలో ఏం చదవాలి? అమ్మాయిని లోపల టీ కలపమన్నారు.

ఇంద్రజకు ఫిజియోథెరపీ చదవాలని ఉంది. కిందటేడు అల్ ఖోర్‌లో పరంజా మీద నుంచి పడ్డ మేస్త్రీ జక్కయ్యను చూడడానికి తండ్రితో ఆస్పత్రికి వెళ్ళింది. అక్కడ ఒకావిడ రెండు కడ్డీల మధ్య అతన్ని నిలబెట్టి, చంటిపిల్లాడికి నేర్పినట్టు నడక నేర్పుతోందట. ఆ రోజు నుంచి పిల్లకు వేరే ధ్యాస లేదు. అమెరికాలో ఆ చదువులో చేరాలంటే ముందు మామూలు డిగ్రీ ఒకటి పూర్తి చెయ్యాలి. ఫలానా సైన్సు పేపర్లు చదివి ఉంటే చాలు, ఏ డిగ్రీ అయినా సరే అని అక్కడి కాలేజీ వాళ్ళు పుస్తకంలో అచ్చు వేశారు. ఆ ముక్క చదివినప్పటి నుంచి మన పెద్దలకు అన్నం సహించలేదు.

సలహా ఇవ్వడానికి మాకున్న అర్హతలు ఇక్కడ చెప్పడం అవసరం. అధ్యక్షులు కామేశ్వరరావు గారు చదివింది వృక్షశాస్త్రం, వీసాలో ఉన్నది వడ్రంగి, చేస్తున్నది కంపెనీకి సిమెంటు కొనే పని. అమర్ గారు చదివింది లా, వీసాలో వంటవాడు, చేస్తున్నది ఇన్సూరెన్సు. కార్యదర్శినైన నేను చదివింది తెలుగు సాహిత్యం. వీసాలో డ్రైవర్ని. రోజంతా ఆఫీసులో కూర్చుని, ఏసీలు పనిచెయ్యడం లేదన్న ఫిర్యాదులు రాసుకుంటాను. నాకు కారు నడపడం రాదు. ఏం చదివితే ఏ పని చెయ్యవచ్చో చెప్పగల అనుభవజ్ఞులు గల్ఫ్ అంతా గాలించినా ఇంతకన్నా దొరకరు.

కామేశ్వరరావు గారు లేచి గొంతు సవరించుకున్నారు. "కాళ్ళు పట్టే పనికి ఇన్నేళ్ళ చదువేంటండీ? సరే, పిల్ల ముచ్చట పడింది, కాదనం. కానీ ఏదైనా సరే అని ఎవరైనా ఊరికే అంటారా? అందులో మతలబు ఉంటుంది. అసలైంది ఏదో మనమే కనిపెట్టాలి. నా మటుకు నేను కంప్యూటర్ సైన్స్ అంటాను. రేపు ఈ కాళ్ళూ చేతులూ కుదరకపోయినా కంప్యూటర్ ఎక్కడికీ పోదు."

అమర్ గారిది హైదరాబాదు. "మైక్రోబయాలజీ రాపిద్దామన్నా. వింటుంటే డాక్టర్ లెక్కనే ఉంటది. నచ్చకుంటే ఖల్లీవల్లీ, వదిలేసి తర్వాత మార్చుకుంటది" అన్నారు. మరొకరు హోటల్ మేనేజ్‌మెంటును ప్రతిపాదించారు. వారి బావమరిదికి హోటల్ ఉంది.

ఏకాభిప్రాయం కుదరలేదు. అన్నింటిలోకీ ఉత్తమమైన డిగ్రీ పేరు ఒక్కటి మాత్రం తెలుపవలసిందిగా ఆ కాలేజీనే కోరుతూ కామేశ్వరరావు గారి కంపెనీ ఫ్యాక్స్ నుంచి విజ్ఞప్తి పంపాం. మరుసటి శుక్రవారానికి జవాబు వచ్చింది. ఒకే వాక్యం. విద్యార్థికి ఏది ఎక్కువ ఇష్టమో అది.

దాన్ని సభలో నేనే చదివి వినిపించాను. "చూశారా, దాటవేశారు. బయటి దేశం పిల్లలకు అసలు సంగతి చెప్పరు" అన్నారు కామేశ్వరరావు గారు. మిగతావాళ్ళం తల ఊపాం.

"నాకు ఇష్టమైంది ఒకటుంది అంకుల్" అంది, టీ ట్రేతో నిలబడ్డ ఇంద్రజ. దాని పేరు కూడా చెప్పింది.

"దాంతో ఏం తింటావమ్మా?" అన్నారు అధ్యక్షులు, బిస్కెట్ అందుకుంటూ. విద్యార్థిని అభిప్రాయం వినడమైనదని నేను మినిట్సులో రాసుకున్నాను. కంప్యూటర్ సైన్స్ ఏకగ్రీవంగా నెగ్గింది. రామచంద్రరావు గారి చెయ్యి కూడా లేచింది, మోచేతి దాకా.

ఫారం మర్నాడు పోస్టులో పడకపోతే గడువు దాటిపోతుంది. తిరిగి వెళ్తుంటే కార్లో జరిగింది రామచంద్రరావు గారే తర్వాత నాకు చెప్పారు.

"నాన్నా, మీరేం చదవాలనుకున్నారు?" అని అడిగిందట పిల్ల.

"చరిత్ర."

"మరి?"

"మా మేనమామలు కామర్స్ అన్నారు."

వెనక సీట్లోంచి వాళ్ళావిడ కమలాదేవి గారు అందుకున్నారు. "పాతికేళ్ళయింది. ఇప్పటికీ టీవీలో ఏ కోటో కనిపిస్తే కంచం పట్టుకుని అక్కడే నిలబడిపోతారు. చెయ్యి ఎండిపోతుంది, అన్నం అలాగే ఉంటుంది."

ఆయన కారు పక్కకు ఆపి జేబులోంచి పెన్ను తీసిచ్చారు. "నీకు ఇష్టమైందే రాయమ్మా. సంఘానికి నేను చెప్పుకుంటాను" అన్నారు. సంఘానికి ఆయన ఏమీ చెప్పలేదు. ఆ మనిషిని చూస్తే నాకు అసూయ కలిగింది.

తొంభై ఎనిమిదిలో ఇంద్రజకు ఫిజియోథెరపీలో సీటు వచ్చింది. ఇది సంఘం మార్గదర్శకత్వ ఫలితమని ప్రత్యేక సమావేశంలో తీర్మానించుకున్నాం. అభినందన పత్రంలో డిగ్రీ పేరు వెయ్యడానికి రామచంద్రరావు గారిని అడిగితే, అది కంప్యూటర్ కాదని తేలింది. ఆ పేరు రాసిన చీటీ ఐదు నిమిషాలు చేతులు మారింది. తర్వాత కామేశ్వరరావు గారి ముఖం వికసించింది. "అయితే అసలు రహస్యం ఇదన్నమాట" అన్నారు.

ఆ ఏడు దోహాలోని తెలుగు కుటుంబాల నుంచి తొమ్మిది మంది పిల్లలు ఆ సబ్జెక్టులోనే చేరారు. అందులో ఫిజియోథెరపీ కావాలన్నవాడు ఒక్కడూ లేడు. కామేశ్వరరావు గారి అబ్బాయి నితీష్ కంప్యూటర్లే చదువుతానని మూడు రోజులు అన్నం మానేశాడు. నాలుగో రోజు తిని సంతకం పెట్టాడు. సంగతి తెలిసి ఇంద్రజ ఉత్తరం రాసింది, "అంకుల్, నన్ను చూసి కాదు, పిల్లల్ని అడిగి రాయండి" అని. దాన్ని ఫైల్లో భద్రపరిచాం.

నేనేమీ పెద్దమనిషిని కాను. మా మనీషా ఫారంలో నా చేత్తో నేనే ఆ పేరు నింపాను. "ఇందులో ఏం చెప్తారు నాన్నా?" అని అడిగింది. సీటు వస్తుందని చెప్పాను.

ఆ సబ్జెక్టు పేరు ఇంతసేపూ నేను రాయలేదని మీరు గమనించే ఉంటారు. కొందరు దానికోసమే మళ్ళీ మొదటి నుంచి వెతుకుతూ ఉంటారు. ఎంత వెతికినా దొరకదు. పేరు రాస్తే ఈ పేజీ చించి పిల్లల ఫారానికి గుచ్చేవాళ్ళు మీలో ఎంతమంది ఉన్నారో నాకు తెలుసు.