టైలరు మాట, భార్య కొలత

"టికెట్లు బుక్ చేశాను. పదో తేదీ మధ్యాహ్నం విమానం," అంది భార్య, కాఫీ కప్పు ముందు పెడుతూ. టైలరుకు పొలమారింది. సముద్రం అవతలి దేశమొకటి చూసిరావాలని పెళ్లయిన కొత్తలో ఇద్దరూ అనుకున్నారు. పంతొమ్మిదేళ్లలో మూడుసార్లు ప్రయాణం కట్టారు. మూడుసార్లూ ఎవరి కోటో పూర్తికాక ఆగిపోయారు.

అతని పనితనానికి వంక పెట్టేవాళ్లు లేరు. కోటు భుజం అతను కుదిర్చినట్టు ఇంకెవరూ కుదర్చలేరు. మాటకే నిలకడ లేదు. గురువారం ఇస్తానంటే సోమవారమని అందరికీ తెలుసు, అందుకే గురువారం ఎవరూ వచ్చేవారు కాదు.

"ఈసారీ కుదరకపోతే ఇంక అడగనండీ," అంది ఆవిడ నెమ్మదిగా. అరిచి ఉంటే అతను భయపడేవాడు కాదు. ఆ నెమ్మదికి వణికిపోయాడు.

ఆ రోజునుంచి కొత్త గుడ్డ ముట్టుకుంటే ఒట్టు. ఉన్నవాటికి మాత్రం "తొమ్మిదిన ఇచ్చేస్తా" అన్నాడు. ప్రయాణం సంగతి ముందే చాటుకుని మూడుసార్లు నవ్వులపాలయ్యాడు కనుక ఈసారి గుట్టుగా ఉంచాడు. మిషను మీదనుంచి తల ఎత్తలేదు. కళ్లు లోతుకుపోయాయి. ఎనిమిదో తేదీకల్లా పదకొండు సూట్లూ ఇస్త్రీ అయి కొక్కేలకు వేలాడాయి.

తొమ్మిదిన పురుగు కూడా రాలేదు. వాళ్ల లెక్కలో తొమ్మిదంటే పదమూడు. చేసేదిలేక సూట్లు స్కూటరు మీద వేసుకుని ఇంటింటికీ బయలుదేరాడు.

బ్యాంకు మేనేజరు తలుపు తీసి కొయ్యబారిపోయాడు. "అప్పుడే అయిపోయిందా? ఎక్కడైనా చెడగొట్టావా ఏమిటి?" తొడుక్కుని అద్దం ముందు అటూ ఇటూ తిరిగాడు. ఒక్క తప్పూ దొరకలేదు. అనుమానం ఇంకా పెరిగింది. "ఒంట్లో ఎలా ఉందయ్యా?"

"బాగానే ఉందండీ. ఎవరి బట్టలూ నా దగ్గర మిగిలిపోకూడదని..."

అతను వీధి చివరికి చేరేలోపే మేనేజరు నలుగురికి ఫోన్ చేశాడు. టైలరు పని సమయానికి ముగించాడంటే ఏదో ముంచుకొచ్చిందన్నది అందరికీ న్యాయంగానే తోచింది. ఆ పుకారు చిలవలు పలవలు అల్లుకుని, సాయంత్రానికి డాక్టర్లు పెదవి విరిచేశారన్నదాకా వెళ్లింది. ఇవేమీ తెలియని టైలరు ఇల్లు చేరి అలసటతో ఒళ్లెరగకుండా నిద్రపోయాడు.

మర్నాడు తెల్లవారకముందే లేచి ఇద్దరి పెట్టెలూ తనే సర్ది, ముందుగదిలో కూర్చున్నాడు. ఎనిమిదింటికి గంట మోగింది. పదకొండుమంది, పదకొండు పండ్ల సంచులు.

రిటైరైన హెడ్‌మాస్టరు పెట్టెలు చూసి కళ్లు తుడుచుకున్నాడు. "పెద్దాసుపత్రికా నాయనా?"

"కాదండీ, విమానానికి!"

"విదేశాల్లో వైద్యమా! అంటే ఇక్కడ లాభం లేదన్నారన్నమాట!"

లోపలినుంచి భార్య వచ్చింది, భుజాన హ్యాండ్‌బ్యాగుతో.

"ఆఫీసుకా? మరి విమానం?" అన్నాడు టైలరు నోరు తెరిచి.

"పద్నాలుగునండీ," అందావిడ తడబడుతూ. "మీ సంగతి తెలిసి నాలుగు రోజులు ముందుకు చెప్పాను. పనంతా నిజంగానే అయిపోయిందా?"

"ఎనిమిదో తేదీకే."

అందరూ తమను టేపు పెట్టి కొలవమంటారు. ఈవిడ టేపే లేకుండా తనను అంగుళం తేడా రాకుండా కొలిచింది. కోపం రావలసిన చోట అతనికి గర్వం వచ్చింది. ఆవిడ మాత్రం అతని లోతుకుపోయిన కళ్లు చూసి, తన కళ్లలో నీళ్లు నింపుకుని, ఆఫీసుకు ఫోన్ చేసి సెలవు పెట్టింది.

హెడ్‌మాస్టరు గొంతు సవరించుకున్నాడు. "జబ్బేమీ లేదుగా? ఎలాగూ నాలుగు రోజులు ఖాళీయేగా, ఒక చొక్కా..."

భార్య ఊపిరి బిగబట్టింది. టైలరు ఆవిడ వంక చూశాడు.

"తిరిగొచ్చాకే మాస్టారూ," అన్నాడు. ఆ మాట అనడానికి అతనికి పంతొమ్మిదేళ్లు పట్టింది.

పద్నాలుగున ఇద్దరూ మూడు గంటలు ముందే విమానాశ్రయంలో ఉన్నారు. విమానం నాలుగు గంటలు ఆలస్యంగా బయలుదేరింది.